రైఫిల్ బారెల్‌కి ఏ సాల్వెంట్ వాడాలి, ఎలా వాడాలి

“బారెల్ శుభ్రం చేయడానికి మంచి సాల్వెంట్ ఏదో ఒక్క పేరు చెప్పండి” అని అడిగేవాళ్లే ఎక్కువ. ఒక పేరు చెప్పేసి ఊరుకోవడం తేలికే, కానీ దానివల్ల మీ బారెల్‌కి పెద్దగా మేలు జరగదు. బారెల్‌లో, అంటే తుపాకీ గొట్టంలో, పేరుకునే మురికి ఒక్క రకం కాదు కాబట్టి దాన్ని కరిగించి తీసే సాల్వెంటూ ఒక్కటి కాదు. మసిని వదిలించేది రాగిని సరిగ్గా ముట్టుకోదు. రాగిని కరిగించేది సీసం జోలికి పోదు. అందుకే ముందు లోపల ఏముందో చూసుకోండి, ఆ తర్వాతే సీసా ఎంచుకోండి. ఆ సీసాలోది లోపల ఎంతసేపు ఉండొచ్చో కూడా తెలుసుకోండి. ఈ మూడూ కుదిరితే మిగతాదంతా ఓపిక.

సాల్వెంట్ మూత తీయకముందే చేయాల్సిన పని ఒకటుంది. మ్యాగజైన్ (తూటాల పెట్టె) తీసేయండి, బోల్ట్ (బారెల్‌ని వెనకనుంచి మూసే భాగం) వెనక్కి లాగండి, ఛాంబర్‌లోకి, అంటే తూటా కూర్చునే చోటులోకి, కళ్లతో చూడండి, వేలితో తడిమి కూడా చూడండి. తూటాలను ఆ గదిలోనే ఉంచకండి. ప్రమాదం జరగకుండా ఉండటమే దీనికి మొదటి కారణం. రెండోది, నూనెలూ సాల్వెంట్లూ ప్రైమర్‌లోకి, అంటే తూటాలోని మందును రగిలించే భాగంలోకి, ఇంకితే తూటా పేలకపోవచ్చు. పైగా అమ్మోనియా ఆవిరికి ఇత్తడి ఆగదు. బ్రిటిష్ కాలంలో ఇండియాలో వానాకాలం గుర్రపుశాలల్లో దాచిన తూటాల ఇత్తడి కేసులు (గుల్లలు) వాటంతట అవే పగిలేవి. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియానే దానికి కారణమని 1921లో తేల్చారు. మనం వాడే రాగి సాల్వెంట్లలో చాలావాటిలో ఉండేది ఆ అమ్మోనియానే.

లోపల ఏముందో ముందు తేల్చుకోండి

జాకెట్ (పైన లోహపు తొడుగు) ఉన్న బుల్లెట్లు కాలుస్తుంటే మీ బారెల్‌లో రెండు రకాల మురికి ఉంటుంది. ఒకటి పౌడర్ కాలగా మిగిలిన మసి, అంటే కార్బన్. రెండోది రాగి. బుల్లెట్ జాకెట్ సాధారణంగా 95 శాతం రాగి, 5 శాతం జింక్ కలిపిన లోహం. అది రైఫ్లింగ్ మీద, అంటే బారెల్ లోపల మెలితిరిగే గాళ్ల మీద, రాసుకుంటూ పోయేటప్పుడు పలచటి పొరగా అంటుకుంటుంది. ఈ రెండూ ఒకదాని మీద ఒకటి పొరలు పొరలుగా పేరుకుంటాయి. పైనున్న మసి తీయకుండా రాగి సాల్వెంట్ పోస్తే అది రాగి దాకా చేరదు. చాలామంది “ఈ సాల్వెంట్ పనిచేయలేదు” అని సీసా మీద నెపం వేసేది ఇక్కడే.

.22 రిమ్‌ఫైర్‌లోనూ (ప్రైమర్ మందు అడుగు అంచులోనే ఉండే చిన్న తూటాల రకం), పోత సీసపు బుల్లెట్లు వాడే రైఫిళ్లలోనూ రాగి సమస్య దాదాపు ఉండదు. అక్కడ ఉండేవి సీసం, మైనం, మసి. రాగి పూత ఉన్న రిమ్‌ఫైర్ బుల్లెట్లు వాడితే కొద్దిగా రాగి కూడా చేరుతుంది.

పాత మిలిటరీ తూటాలు వాడేవాళ్లు ఇంకో దాని మీద కన్నేసి ఉంచాలి. పాత రకం ప్రైమర్లలో పొటాషియం క్లోరేట్ ఉండేది. అది కాలాక పొటాషియం క్లోరైడ్ మిగులుతుంది. మన వంటింటి ఉప్పుకి దగ్గరి చుట్టం. గాలిలో తేమను లాక్కుని రాత్రికి రాత్రే తుప్పు తెప్పిస్తుంది. దీన్ని ఏ నూనె సాల్వెంటూ కరిగించదు. నీళ్లే కరిగిస్తాయి.

కావలసినవి

- ఒకే ముక్కగా ఉండే క్లీనింగ్ రాడ్. పైన ప్లాస్టిక్ పూత ఉన్నదిగానీ కార్బన్ ఫైబర్‌దిగానీ అయితే మంచిది. పిడి దానంతట అది తిరిగేలా ఉండాలి.
- మీ క్యాలిబర్‌కి (బారెల్ లోపలి వెడల్పుకి) సరిపడే బోర్ గైడ్, అంటే రాడ్‌ని బారెల్ మధ్యలో నేరుగా నడిపే గొట్టం
- నైలాన్ బ్రష్ ఒకటి, కంచు బ్రష్ ఒకటి
- నికెల్ పూత ఉన్న జాగ్, లేదా ప్లాస్టిక్ జాగ్ (రాడ్ చివర బిగించి ప్యాచ్‌ని తోసే ముక్క)
- తెల్లటి నూలు ప్యాచ్‌లు (చిన్న గుడ్డ ముక్కలు), కాస్త ఎక్కువగానే
- కార్బన్ సాల్వెంట్, రాగి సాల్వెంట్, పలచటి గన్ ఆయిల్
- ఐసోప్రొపైల్ ఆల్కహాల్
- నైట్రైల్ గ్లోవ్స్, కళ్లద్దాలు, మూత ఉన్న లోహపు డబ్బా
- టైమర్. ఫోన్‌లోది చాలు, కానీ తప్పకుండా పెట్టండి.

జాగ్ గురించి అంత పట్టుదల ఎందుకో కింద చెబుతాను. ఇత్తడి జాగ్ వల్ల ఎంత తంటా ఉందో అది చదివితే తెలుస్తుంది.

సీసా ఎంచుకోవడం

మసికి వాడే సాల్వెంట్లు ఎక్కువగా కిరోసిన్ లాంటి పెట్రోలియం ద్రవాల ఆధారంగా తయారవుతాయి. 1903 నుంచి అమ్ముడవుతున్న హోప్స్ నెం. 9 ఈ కోవలో అందరికీ తెలిసినది. మామూలుగా ఒక రోజు షూటింగ్ చేసి వచ్చాక పట్టే మసికి ఇలాంటిది సరిపోతుంది. రాగి మీద మాత్రం దాని పని చాలా నెమ్మది. “నేను ఎప్పుడూ నెం. 9 మాత్రమే వాడతాను, నా బారెల్‌లో రాగే లేదు” అనేవాళ్లు ఒకసారి రాగి సాల్వెంట్‌తో పరీక్షించి చూడాలి. చాలాసార్లు ప్యాచ్ నీలంగా వస్తుంది.

రాగికి రెండు దారులున్నాయి.

మొదటిది అమ్మోనియా ఉన్న సాల్వెంట్. స్వీట్స్ 7.62 లాంటివి ఈ రకం. వేగంగా పనిచేస్తాయి. వాసన ముక్కు బద్దలు కొడుతుంది. ఇవి బారెల్‌లో ఉండే సమయానికి గట్టి హద్దు ఉంటుంది. స్వీట్స్ విషయంలో ఆ హద్దు 15 నిమిషాలు. హద్దు దాటి వదిలేసినా, లోపలే ఆరిపోనిచ్చినా బారెల్ ఉక్కు మీద మచ్చలు, గుంతలు పడే ప్రమాదం ఉంది. తుపాకీలో నికెల్ పూత ఉన్న భాగాలకు ఇది అసలు తగలకూడదు. నికెల్ కింద చాలాసార్లు రాగి పొర ఉంటుంది. అమ్మోనియా సందుల్లోంచి దాన్ని తినేస్తే పైపూత పెచ్చులుగా ఊడుతుంది.

రెండోది అమ్మోనియా లేని రాగి సాల్వెంట్. ఇవి ద్రవంగానూ దొరుకుతాయి, ఫోమ్‌గానూ దొరుకుతాయి. నెమ్మదిగా పనిచేస్తాయి, కానీ నిశ్చింతగా ఉంటుంది. కొన్ని ఫోమ్‌లను రాత్రంతా వదిలేయొచ్చని తయారీదారులే రాస్తారు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు, ఇంట్లో గాలి సరిగా ఆడనివాళ్లకు, చిన్నపిల్లలున్న ఇళ్లకు నేను చెప్పేది ఇదే. రాగి గట్టిగా పేరుకుపోయి దేనికీ లొంగకపోతే అప్పుడు అమ్మోనియా సంగతి చూద్దాం.

“మసికీ రాగికీ కలిపి ఒకటే” అని అమ్మేవి కూడా ఉన్నాయి. ప్రతిసారీ కొద్దిగా కాల్చి వెంటనే శుభ్రం చేసేవాళ్లకు అవి చాలు. ఏళ్ల తరబడి పట్టించుకోని బారెల్‌కి మాత్రం విడివిడిగానే పని చేయాలి.

కొనే ముందు ఆ సీసా సేఫ్టీ డేటా షీట్ తెరిచి చూడండి. తయారీదారు వెబ్‌సైట్‌లో ఉంటుంది. 16 భాగాలుంటాయి, అన్నీ చదవక్కర్లేదు. 2వ భాగంలో ప్రమాదాలు, 3వ భాగంలో లోపల ఏముందో, 8వ భాగంలో ఎలాంటి గ్లోవ్స్ వేసుకోవాలో, 9వ భాగంలో ఎంత వేడికి దాని ఆవిరి అంటుకుంటుందో రాసి ఉంటాయి. ముందువైపు లేబుల్ మీద “సురక్షితం” అని పెద్ద అక్షరాలతో ఉన్నదానికంటే ఈ నాలుగు భాగాలు నమ్మదగినవి.

ఇవి వాడకండి

ఈ భాగం దగ్గర కాస్త ఆగి చదవండి. ఇక్కడ పొరపాటు జరిగితే పాడయ్యేది బారెల్ ఒక్కటే కాదు.

పెట్రోల్. మసిని కడిగేస్తుంది నిజమే. కానీ దాని ఆవిరి సున్నాకి 40 డిగ్రీల సెల్సియస్ కింద కూడా నిప్పు అందుకుంటుంది. ఆ ఆవిరి గాలికంటే బరువు, నేల మీద పాకుతూ పోయి పక్క గదిలో మంటను అందుకోగలదు. పైగా అందులో ఉండే బెంజీన్ క్యాన్సర్ కారకం. కిరోసిన్ ఆవిరి అంటుకోవాలంటే దాదాపు 38 డిగ్రీలు కావాలి. తప్పనిసరై ఇంట్లో ఉన్నదాంతోనే మసి కడగాలంటే పెట్రోల్ వద్దు, కిరోసిన్ వాడండి.

బ్రేక్ క్లీనర్. దీన్లో క్లోరిన్ ఉన్న రకం, లేని రకం అని రెండున్నాయి. క్లోరిన్ ఉన్న రకం ఆవిరి వేడికి గురైతే ఫాస్‌జీన్ అనే విషవాయువు పుడుతుంది. క్లోరిన్ లేని రకం సులువుగా అంటుకుంటుంది. రెండూ చెక్క స్టాక్ (భుజానికి ఆనించే భాగం) మీది వార్నిష్‌ని, కొన్ని ప్లాస్టిక్‌లని పాడుచేస్తాయి. బారెల్ లోపలికి వీటి అవసరమే లేదు.

బ్లీచ్. స్టెయిన్‌లెస్ ఉక్కుని కూడా గుంతలు పడేలా చేస్తుంది. అమ్మోనియా సాల్వెంట్‌తో కలిస్తే క్లోరమైన్ అనే విషవాయువు వస్తుంది. ఈ రెండు సీసాలూ ఒకే బల్ల మీద ఉండకూడదు.

వెనిగర్, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపిన మిశ్రమం. సీసం ఇట్టే కరుగుతుందని దీన్ని చాలామంది చిట్కాగా చెప్పుకుంటారు. కరుగుతుంది, అదే ప్రమాదం. గట్టిగా అంటుకుని ఉన్న సీసం లెడ్ ఎసిటేట్‌గా మారి నీళ్లలో కలుస్తుంది. అది ఒంట్లోకి చేరడం చాలా సులువు, సింక్‌లో పారబోస్తే ఇక దాన్ని పట్టుకోలేం. రెండూ కలిసినప్పుడు పుట్టే పెరాసిటిక్ ఆమ్లం ఉక్కునీ కొరుకుతుంది, బ్లూయింగ్‌నీ (ఉక్కు మీది నీలం కలిసిన నల్లటి పూత) ఊడగొడుతుంది. వెనిగర్ ఒక్కటే వాడినా బ్లూయింగ్ పోతుంది.

పాదరసం. ఒకప్పుడు సీసం తీయడానికి వాడేవాళ్లు. ఇప్పుడు ఆ ఆలోచన కూడా వద్దు.

డబ్ల్యూడీ-40 గురించి కూడా అడుగుతుంటారు. పేరులోనే ఉంది, డబ్ల్యూడీ అంటే వాటర్ డిస్‌ప్లేస్‌మెంట్, అది తేమను తరిమేయడానికి పుట్టినది. తడిని తోలేయడానికి మంచిదే. రాగిని మాత్రం కరిగించదు. ఎక్కువకాలం నిల్వ ఉంచే బారెల్‌కి రక్షణగా కూడా నేను దాన్ని నమ్మను.

ఇక ఇంట్లో కలుపుకునే ఎడ్స్ రెడ్ సంగతి. ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్, కిరోసిన్, మినరల్ స్పిరిట్స్, ఎసిటోన్ సమానంగా కలిపితే అదే. మసికి బాగా పనిచేస్తుంది, రాగిని తీయదు. ఎసిటోన్ ఆవిరి సున్నాకి దాదాపు 20 డిగ్రీల కిందనే అంటుకుంటుంది, స్టాక్ మీది పాలిష్‌ని మెత్తబరుస్తుంది. నైట్రైల్ గ్లోవ్స్ కూడా ఎసిటోన్‌కి ఎక్కువసేపు ఆగవు. అందుకని కలుపుకునేవాళ్లు చాలామంది ఎసిటోన్ మానేసి మిగతా మూడే కలుపుకుంటారు. నేనైతే ఇంట్లో ఎసిటోన్ వద్దనే అంటాను.

పని చేసే క్రమం

1. కిటికీలు తెరవండి. దగ్గరలో పొయ్యి, హీటర్, సిగరెట్ ఉండకూడదు. గ్లోవ్స్, కళ్లద్దాలు పెట్టుకోండి. రాడ్ బయటికి లాగేటప్పుడు నైలాన్ బ్రష్ వెంట్రుకలు చిమ్మే చుక్కలు సరిగ్గా ముఖం ఎత్తులోనే లేస్తాయి.

2. రైఫిల్‌ని స్టాండ్‌లో పెట్టండి. మజిల్, అంటే బారెల్ ముందు కొన, కొంచెం కిందికి వంగి ఉండాలి. లేకపోతే ద్రవం వెనక్కి జారి ట్రిగ్గర్‌లోకి, స్టాక్ బెడ్డింగ్‌లోకి (స్టాక్‌లో తుపాకీ కూర్చునే చోటు) వెళ్తుంది. ట్రిగ్గర్‌లోకి చేరిన సాల్వెంట్ ఆరి జిగటగా మారితే ట్రిగ్గర్ సరిగ్గా పనిచేయదు, అది ఒట్టి ఇబ్బంది కాదు, ప్రమాదం.

3. బోల్ట్ తీసి బోర్ గైడ్ పెట్టండి. మీ రైఫిల్ నిర్మాణం వల్ల వెనకనుంచి వెళ్లడం కుదరకపోతే మజిల్ గైడ్ వాడుతూ ముందునుంచి చేయండి. రాడ్ మజిల్ అంచుకు రాసుకోకూడదు. ఆ అంచు కాస్త దెబ్బతిన్నా బుల్లెట్ గురి మారుతుంది. అదీ కుదరకపోతే లాగే తాడు రకం వాడండి, నెమ్మదిగానైనా పని జరుగుతుంది.

4. కార్బన్ సాల్వెంట్‌లో తడిపిన ప్యాచ్ ఒకటి తోయండి. ముందుకొచ్చిన ప్యాచ్ మజిల్ దగ్గర జారి పడాలి, దాన్ని మళ్లీ వెనక్కి లాగకండి. రెండో తడి ప్యాచ్ కూడా తోసి 5 నుంచి 10 నిమిషాలు ఆగండి. ఈ ఆగడమే సగం పని.

5. కంచు బ్రష్‌ని సాల్వెంట్‌తో తడిపి పది పదిహేను సార్లు పూర్తిగా అటూ ఇటూ నడపండి. బ్రష్ బారెల్ మధ్యలో ఉండగా దిశ మార్చకండి. సీసాలోకి బ్రష్ ముంచకండి, చుక్కలు బ్రష్ మీద వేసుకోండి. ముంచితే మురికంతా సీసాలో కలుస్తుంది.

6. తడి ప్యాచ్‌లు, తర్వాత పొడి ప్యాచ్‌లు తోయండి. మొదటిది నల్లగా తారులా వస్తుంది. తర్వాత బూడిద రంగుకి తిరుగుతుంది. పొడి ప్యాచ్ మీద లేత బూడిద గీతలు మాత్రమే మిగిలేదాకా 4, 5, 6 మెట్లు మళ్లీ చేయండి. ఛాంబర్ ముందు, రైఫ్లింగ్ మొదలయ్యేచోట మసి ఉంగరంలా గట్టిపడుతుంది. బ్రష్‌తో అక్కడ నాలుగు తిప్పులు ఎక్కువ తిప్పండి.

7. కార్బన్ సాల్వెంట్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన ప్యాచ్‌తో తుడిచి, పొడి ప్యాచ్ వేయండి. రెండు రకాల సాల్వెంట్లు బారెల్‌లో కలవకూడదు. మీకు తెలియని రసాయనాలు కలిస్తే ఏమవుతుందో ఊహించే బదులు తుడిచేయడం మేలు.

8. నికెల్ జాగ్‌కిగానీ, అమ్మోనియా సాల్వెంట్ అయితే ప్లాస్టిక్ జాగ్‌కిగానీ మార్చండి. రాగి సాల్వెంట్ తడిపిన ప్యాచ్ తోయండి. కావాలంటే నైలాన్ బ్రష్‌తో పట్టించండి. వెంటనే టైమర్ పెట్టండి. ఎంతసేపన్నది మీ సీసా మీద రాసినదే, ఇంకెవరి మాటా కాదు. ఫోమ్ అయితే ముందు వెనక గుడ్డ పెట్టి, మజిల్ దగ్గర నురగ కనబడేదాకా నింపండి.

9. సమయం అవగానే పొడి ప్యాచ్ తోయండి. నీలం లేదా ఆకుపచ్చ కలిసిన నీలం గీతలు వస్తే రాగి కరుగుతోందని అర్థం. తిరిగి తడిపి మళ్లీ సమయం పెట్టండి. ఒకేసారి ఎక్కువసేపు వదిలేసే బదులు తక్కువసేపు ఎక్కువసార్లు చేయండి. అమ్మోనియా రకానికి ఇది నియమమే అనుకోండి.

10. నీలం రావడం ఆగాక ఆల్కహాల్ ప్యాచ్‌లు రెండు, పొడి ప్యాచ్‌లు రెండు మూడు తోయండి. అమ్మోనియా వాసన పూర్తిగా పోవాలి.

11. గన్ ఆయిల్ రెండు మూడు చుక్కలు వేసిన ప్యాచ్ ఒకటి తోయండి, వెనకే పొడి ప్యాచ్ ఒకటి. కంటికి కనిపించని పలచటి పొర చాలు. ఛాంబర్‌ని, బోల్ట్ ముఖాన్ని, మజిల్ అంచుని విడిగా తుడవండి.

శుభ్రమైందని ఎలా తెలుస్తుంది?

ప్యాచ్ తెల్లగా వచ్చినంత మాత్రాన బారెల్ శుభ్రమైందని కాదు. మసి సాల్వెంట్‌తో తోమి తెల్ల ప్యాచ్ చూసి సంతోషపడతాం, కింద రాగి అలాగే ఉంటుంది. అలాగే ప్యాచ్ నీలంగా వచ్చినంత మాత్రాన రాగి మిగిలి ఉందనీ కాదు. ఇత్తడిలో ఉండేది కూడా రాగే. ఇత్తడి జాగ్ వాడితే రాగి సాల్వెంట్ ఆ జాగ్‌నే కరిగించి ప్యాచ్‌కి నీలం పూస్తుంది. కంచు బ్రష్‌దీ అదే కథ. బారెల్ ఎప్పుడో శుభ్రమైపోయినా మీరు గంటలకొద్దీ తోముతూనే ఉంటారు.

తేడా పట్టడానికి తేలికైన పరీక్ష ఉంది. మీ జాగ్‌కి ప్యాచ్ చుట్టి, రాగి సాల్వెంట్‌తో తడిపి, బారెల్‌లో పెట్టకుండా బల్ల మీదే పది నిమిషాలు ఉంచండి. నీలం వస్తే అది జాగ్ రంగు.

బారెల్‌కి చేసే పరీక్ష ఇది. అంతా తుడిచి ఆరబెట్టాక, కొత్త తడి ప్యాచ్‌తో రాగి సాల్వెంట్ పట్టించి, అనుమతించిన సమయం ఆగి, ఒక పొడి ప్యాచ్ తోయండి. దాన్ని తెల్ల కాగితం మీద పరిచి పగటి వెలుతురులో చూడండి. అంచుల్లో గీతలుగా నీలం ఉంటే ఇంకో విడత చేయాలి. ఏమీ లేకపోతే ఆపేయొచ్చు. ఒక హెచ్చరిక: అమ్మోనియా లేని కొత్త రకాల్లో కొన్ని నీలం రంగు చూపించవు. మీ సీసా ఏ రంగు చూపిస్తుందో తయారీదారు రాసింది చదివాకే ఈ పరీక్షను నమ్మండి.

కంటితోనూ చూడొచ్చు. బోల్ట్ తీసేసి ఉందని మళ్లీ ఒకసారి సరిచూసుకుని, మజిల్ లోపలికి చిన్న టార్చ్ వెలుతురు ఏటవాలుగా పడనివ్వండి. ఉక్కు బూడిద రంగులో నున్నగా మెరవాలి. రైఫ్లింగ్ గట్ల మీద, వాటి అంచుల వెంబడి సన్నటి ఎర్రటి గీతలు, కొత్త రాగి చెంబు లోపలి మెరుపులా కనిపిస్తే అది రాగే. ఇలా మజిల్ దగ్గర అంగుళం మేరే కనిపిస్తుంది. అక్కడ రాగి ఉంటే లోపల ఇంకా ఉందనుకోండి. మొత్తం చూడాలంటే బోర్‌స్కోప్, అంటే బారెల్ లోపలికి దూర్చి చూసే సన్నటి పరికరం, కావాలి.

బోర్‌స్కోప్ కొన్నవాళ్లకు ఒక మాట. మంచి బారెల్ కూడా అందులో చూస్తే భయపెడుతుంది. ప్రతి గీతా, ప్రతి మచ్చా పోవాలని రోజంతా తోమకండి. బారెల్ ఎలా కాలుస్తోందన్నదే అసలు కొలత. గురి బాగున్నంతకాలం కొద్దిపాటి రాగి అక్కడే ఉంటే నష్టం లేదు. పూర్తిగా శుభ్రం చేసిన బారెల్‌తో కాల్చిన మొదటి కొన్ని తూటాలు కాస్త పక్కకు వెళ్లి, ఆ తర్వాత గురి కుదురుకోవడం మామూలే. అది చూసి సాల్వెంట్ బారెల్‌ని పాడుచేసిందని టెన్షన్ పడకండి.

విడిగా చూడాల్సిన రైఫిళ్లు

.22 రిమ్‌ఫైర్: సీసాన్ని సాల్వెంట్ కరిగించదు, దాని కింద చేరి పట్టు సడలిస్తుంది, అంతే. తీసేది కంచు బ్రష్. కార్బన్ సాల్వెంట్ పట్టించి, ఆగి, బ్రష్ చేసి, తుడిచేయండి. రాగి సాల్వెంట్ అవసరం అరుదు.

పాత రకం ప్రైమర్ల తూటాలు: కాల్చిన రోజే, వీలైతే గంటల్లోపే, బారెల్‌లోకి వేడినీళ్లు పోయండి. గరాటుకి గొట్టం తగిలించి ఛాంబర్‌వైపు నుంచి పోస్తే చెక్కకు తగలదు. బోల్ట్ ముఖం, గ్యాస్ పిస్టన్ ఉంటే అదీ కడగాలి. తర్వాత పొడి ప్యాచ్‌లు, ఆ తర్వాతే మామూలు క్రమం, చివర ఆయిల్. అద్దాలు తుడిచే అమ్మోనియా ద్రవమే కావాలని కొందరు పట్టుబడతారు. అందులో ఉప్పును కడిగేది నీళ్లే, అమ్మోనియా కాదు.

బ్లాక్ పౌడర్ (పాతకాలపు నల్ల తుపాకీమందు) తుపాకులు: సబ్బు కలిపిన వేడినీళ్లే మొదటి మందు. ఆ మురికిలో ఎక్కువభాగం నీళ్లలో కరుగుతుంది.

క్రోమ్ లైనింగ్ ఉన్న బారెల్: మామూలు సాల్వెంట్లు పడతాయి. అమ్మోనియా వాడేముందు తుపాకీ తయారీదారు ఏమన్నారో చూడండి. లైనింగ్‌లో పగుళ్లు ఉన్న పాత బారెల్ అయితే అమ్మోనియా లేని రకమే వాడండి.

ఎయిర్ రైఫిల్: పైన చెప్పిన సాల్వెంట్లేవీ వద్దు. రబ్బరు సీల్స్ ఉబ్బుతాయి. నూనె ఆవిరి ఒత్తిడికి మండి చిన్న పేలుడు కూడా జరగొచ్చు. పొడి ప్యాచ్‌లు, అవసరమైతే తయారీదారు చెప్పిన క్లీనర్ మాత్రమే వాడండి.

తరచూ జరిగే పొరపాట్లు

టైమర్ పెట్టకుండా అమ్మోనియా సాల్వెంట్ పోసి ఫోన్ మాట్లాడటానికి వెళ్లిపోవడం. ఈ ఒక్క అలవాటు మానుకుంటే చాలా బారెళ్లు బతుకుతాయి.

రాగి సాల్వెంట్‌తో కంచు బ్రష్ వాడటం. ప్యాచ్ అబద్ధం చెబుతుంది, బ్రష్ కూడా కరిగిపోతుంది. పొరపాటున వాడితే వెంటనే ఆల్కహాల్‌తో కడగండి.

ముక్కలు ముక్కలుగా బిగించే అల్యూమినియం రాడ్ వాడటం. మెత్తటి లోహంలో ఇసుక, గరుకు కణాలు ఇరుక్కుంటాయి, అతుకుల అంచులు రైఫ్లింగ్‌ని గీరుతాయి. పూత ఉన్న రాడ్‌ని కూడా ప్రతిసారి లోపలికి పంపేముందు తుడవాలి.

సాల్వెంట్‌తో రాకపోతే వెంటనే రాపిడి పేస్ట్ అందుకోవడం. పేస్ట్ పనిచేస్తుంది, కానీ చివరి అస్త్రంగానే. అనుభవం లేని చేతిలో అది రైఫ్లింగ్ మొదలయ్యే చోటుని, మజిల్ అంచుని గుండ్రంగా అరగదీస్తుంది. ముందు ఫోమ్‌తో రెండు మూడు రాత్రులు ప్రయత్నించండి.

ఆయిల్ కారేలా పూసి అలాగే కాల్చడం. బారెల్‌లో నూనె నిలిచి ఉంటే ఒత్తిడి పెరుగుతుంది. ఛాంబర్ గోడలు నూనెతో ఉంటే కేసు గోడను పట్టుకోలేదు, వెనక్కి నెట్టే బలమంతా బోల్ట్ మీద పడుతుంది.

పని అయ్యాక

వాడిన ప్యాచ్‌లలో సీసం, రాగి, మండే ద్రవం మూడూ ఉంటాయి. మూత ఉన్న లోహపు డబ్బాలో వేసి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే చోటుకి పంపండి. సింక్‌లో, కాలువలో, మట్టిలో పోయకండి. చెక్క స్టాక్‌కి అవిశె నూనె రాసిన గుడ్డ ఉంటే దాన్ని ఉండచుట్టి పడేయకండి. అది తనంతట తానే వేడెక్కి అంటుకోగలదు. విడదీసి ఆరబెట్టండి.

గ్లోవ్స్ తీసేశాక చేతులు సబ్బుతో, చల్లటి నీళ్లతో కడుక్కోండి. ఆ తర్వాతే తిండి, తాగుడు. పని చేసిన బల్లని తడిగుడ్డతో తుడవండి. సాల్వెంట్ సీసాలు అసలు లేబుల్‌తోనే, పిల్లలకు అందని చోట ఉంచండి. నీళ్ల సీసాలోకో కూల్ డ్రింక్ సీసాలోకో మార్చి దాచకండి.

శుభ్రం చేసిన మర్నాడు మరో పొడి ప్యాచ్ తోసి చూడండి. సందుల్లో దాగిన సాల్వెంట్ రాత్రంతా కారి బయటికొస్తుంది, ప్యాచ్ మీద లేత మరక కనిపిస్తే తుడిచి మళ్లీ పలచగా ఆయిల్ పట్టించండి. కాల్చడానికి వెళ్లే రోజు ఆ ఆయిల్‌ని పొడి ప్యాచ్‌తో తీసేసి, బారెల్‌లో ప్యాచ్ ముక్కగానీ బ్రష్ తునకగానీ ఇరుక్కుని లేదని వెనకనుంచి వెలుతురుకి ఎత్తి చూసుకున్నాకే బోల్ట్ పెట్టండి.